స్ప్లిట్‌బోర్డ్ ఎంపిక: సైడ్‌కట్ 7.2 మీటర్లా, 8.8 మీటర్లా?

ప్రశ్న: నేను అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బోథెల్‌లో ఉంటున్నాను. ఐదు శీతాకాలాలుగా దగ్గరలోని మంచు క్రీడా కేంద్రాలైన స్టీవెన్స్ పాస్‌లోనూ స్నోక్వాల్మీలోనూ స్నోబోర్డింగ్ చేస్తున్నాను. నా బరువు 68 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బూటు సైజు అమెరికా కొలతలో 9. ఇప్పుడున్న బోర్డు పొడవు 156 సెంటీమీటర్లు, దాని సైడ్‌కట్ వ్యాసార్ధం 7.6 మీటర్లు. లిఫ్టులు లేని కొండలను కాళ్లతో ఎక్కి దిగాలన్న కోరికతో ఈ ఏడాది స్ప్లిట్‌బోర్డ్, అంటే ఎక్కేటప్పుడు నిలువునా రెండుగా విడిపోయి, దిగేటప్పుడు ఒకటిగా కలిసే స్నోబోర్డ్, కొనాలనుకుంటున్నాను. శీతాకాలంలో అడవుల్లోనూ, మే, జూన్ నెలల్లో సెయింట్ హెలెన్స్, ఆడమ్స్ అగ్నిపర్వతాల మీదా తిరగాలని ఉంది. రెండు బోర్డులు చూశాను. మొదటిదాని సైడ్‌కట్ 7.2 మీటర్లు, రెండోదానిది 8.8 మీటర్లు. రెండింటి పొడవూ 158 సెంటీమీటర్లే, నడుము వెడల్పు కూడా దాదాపు ఒకటే. చిన్న వ్యాసార్ధమైతే చెట్ల మధ్య సులువుగా తిరుగుతుందని ఒక మిత్రుడు, పెద్దదైతేనే నిలకడగా ఉంటుందని మరో మిత్రుడు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి? కొన్న తరువాత పాత బోర్డు అమ్మేయవచ్చా?

సమాధానం: మీ మిత్రులిద్దరూ చెప్పింది నిజమే, అయితే ఇద్దరూ వేర్వేరు మంచును మనసులో పెట్టుకొని మాట్లాడుతున్నారు. మీరు రాసిన వివరాలను బట్టి, ఈ రెండింటిలో ఒకటే కొనాలంటే నేను 8.8 మీటర్ల బోర్డునే తీసుకోమంటాను. దాని బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, మీ 68 కిలోల బరువుకు లొంగేదిగా ఉండాలన్నది ఒక్కటే నా షరతు. కొనేటప్పుడు మీరే నిర్ణయించుకోగలిగేలా, ఈ మాట ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

స్నోబోర్డును నేల మీద పెట్టి పైనుంచి చూస్తే డమరుకంలా రెండు చివర్లూ వెడల్పుగా, నడుము సన్నగా కనిపిస్తుంది. అంచు లోపలికి వంగిన ఆ గీత ఒక పెద్ద వృత్తంలోని చిన్న చాపం. ఆ వృత్తపు వ్యాసార్ధమే మీరు చూసిన 7.2, 8.8 అన్న అంకె. బడిలో నేర్చుకున్న జ్యామితిని గుర్తు చేసుకుంటే, జ్యా పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించినప్పుడు చాపం లోతు దాదాపుగా వస్తుంది. ఇక్కడ జ్యా అంటే బోర్డుకు మంచును కోసే అంచు పొడవు, అంటే తయారీదారులు ఎఫెక్టివ్ ఎడ్జ్ అని ఇచ్చే కొలత. మీరు చూసిన పొడవులో ఈ కొలత సాధారణంగా 118, 119 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కనుక 119గా తీసుకుందాం. 7.2 మీటర్ల బోర్డుకు నడుము దగ్గర లోతు సుమారు 24.6 మిల్లీమీటర్లు వస్తుంది, 8.8 మీటర్ల బోర్డుకు సుమారు 20.1 వస్తుంది. అంటే కాగితం మీద మీటరున్నరకు పైగా కనిపించే తేడా, చేతిలో పట్టుకొని చూస్తే ఒక్కో వైపు నాలుగున్నర మిల్లీమీటర్లే. ఇంత చిన్న తేడా కాలికి తెలుస్తుందా అని సందేహం కలగడం సహజమే. గట్టి మంచు మీద తప్పకుండా తెలుస్తుంది, లోతైన మెత్తటి మంచులో దాదాపుగా తెలియదు. మీ ప్రశ్నకు సమాధానమంతా ఈ తేడాలోనే ఉంది.

ఈ సూత్రం వల్ల ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. పొడవు వేరైన రెండు బోర్డులను వ్యాసార్ధంతో నేరుగా పోల్చకూడదు. 110 సెంటీమీటర్ల అంచుతో 7 మీటర్ల వ్యాసార్ధం ఉన్న పొట్టి బోర్డుకూ, 120 సెంటీమీటర్ల అంచుతో 8.3 మీటర్ల వ్యాసార్ధం ఉన్న పొడుగు బోర్డుకూ సైడ్‌కట్ లోతు ఒక్కటే, సుమారు 21.6 మిల్లీమీటర్లు. దుకాణంలో ఎవరైనా తన 148 బోర్డును చూపించి, దీని వ్యాసార్ధం ఇంత తక్కువ అంటూ మీ 158 పక్కన పెడితే ఆ పోలిక నిలవదు. మీ రెండు బోర్డులూ ఒకే పొడవువి కాబట్టి మీకు ఆ చిక్కు లేదు.

ఇక ఈ గీత చేసే పని చూద్దాం. యంత్రంతో చదును చేసిన గట్టి వాలు మీద బోర్డును అంచు మీదికి వాల్చి, జారనివ్వకుండా నిలబడితే, బోర్డు వంగి అంచంతా మంచుకు ఆనుతుంది. అప్పుడు అది దానంతట అదే ఒక వంపు గీస్తుంది. ఆ వంపు వ్యాసార్ధం సైడ్‌కట్ వ్యాసార్ధం కన్నా చిన్నదిగా ఉంటుంది, ఎంత ఎక్కువ వాల్చితే అంత చిన్నదవుతుంది. లెక్కలో చెప్పాలంటే సైడ్‌కట్ వ్యాసార్ధాన్ని వాల్చిన కోణపు కొసైన్‌తో గుణించాలి. 45 డిగ్రీలు వాల్చితే 7.2 మీటర్ల బోర్డు సుమారు 5.1 మీటర్ల వంపు, 8.8 మీటర్ల బోర్డు సుమారు 6.2 మీటర్ల వంపు తిరుగుతాయి. 60 డిగ్రీలు వాల్చగలిగినవారికి ఏ బోర్డైనా తన అంకెలో సగం వ్యాసార్ధంతో తిరుగుతుంది. మీ మొదటి మిత్రుడు చెప్పిన సులువు ఇదే. గ్రూమర్ మీద, అంటే ఇలా చదును చేసిన వాలు మీద, అది పూర్తిగా నిజం.

అదే లెక్క వేగానికి ఒక హద్దు కూడా పెడుతుంది. వాలు ప్రభావాన్ని పక్కన పెట్టి, మనిషి బరువూ, వంపులో బయటికి లాగే బలమూ సరిగ్గా సమతూకంలో ఉన్నాయనుకుంటే, 45 డిగ్రీల వాలింపుతో 7.2 మీటర్ల బోర్డు శుభ్రంగా కోసుకుంటూ తిరిగే వేగం గంటకు 25 కిలోమీటర్ల చుట్టూ, 8.8 మీటర్ల బోర్డుది 28 కిలోమీటర్ల చుట్టూ వస్తుంది. అంతకన్నా వేగంగా పోతూ అదే కోణంలో వాల్చితే బోర్డు గీయదలచిన వంపు మీ వేగానికి మరీ ఇరుకవుతుంది. అంచు పట్టు విడిచి జారుతుంది, లేదా ముక్కు ముందే మంచును పట్టుకొని బోర్డును లోపలికి గుంజుతుంది. వేగంలో చిన్న వ్యాసార్ధపు బోర్డు ‘కంగారుగా’ ఉందని అనుభవజ్ఞులు అనేది దీన్నే. మీ రెండో మిత్రుడు చెప్పిన నిలకడ ఇది.

అయితే మీరు స్ప్లిట్‌బోర్డ్ కొంటున్నది గ్రూమర్ల కోసం కాదు కనుక, పై లెక్కలన్నీ మీకు సగమే పనికొస్తాయి. మోకాలి లోతు పౌడర్‌లో, అంటే కొత్తగా పడిన మెత్తటి మంచులో, అంచు ఆనుకోవడానికి గట్టి ఉపరితలమే ఉండదు. అక్కడ బోర్డు మొత్తం అడుగుభాగంతో మంచు మీద తేలుతుంది, పడవ నీటిని నెట్టినట్టు మంచును నెట్టుకుంటూ తిరుగుతుంది. అప్పుడు మలుపు ఎంత సులువన్నది ముక్కు ఎంత పైకి లేచి ఉందో, తోక ముక్కు కన్నా ఎంత సన్నగా ఉందో, బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బైండింగులు ఎంత వెనక్కి ఉన్నాయో, బోర్డు ఎంత మెత్తగా వంగుతుందో వీటిని బట్టి తేలుతుంది. చెట్ల మధ్య చురుకుగా తిరగడానికి 7.2 కావాలన్న మీ మిత్రుడి వాదన ఇక్కడే బలహీనపడుతుంది. మీ ప్రాంతపు కాస్కేడ్స్ పర్వతాల అడవుల్లో మంచి మంచు పడిన రోజున, ముక్కు దగ్గర రాకర్ (పైకి లేచిన వంపు), పది మిల్లీమీటర్ల దాకా టేపర్ (తోక ముక్కు కన్నా సన్నగా ఉండటం) ఉన్న 8.8 మీటర్ల బోర్డు, ఇవేవీ లేని 7.2 మీటర్ల బోర్డు కన్నా చురుకుగా తిరుగుతుంది. అడవి కోసం బోర్డు వెతికేవారు చూడవలసినది ముక్కు ఆకారం, టేపర్, పొడవు. వ్యాసార్ధం ఆ తరువాతి మాట.

మరి పౌడర్‌లో వ్యాసార్ధానికి అంత విలువ లేనప్పుడు చిన్నది ఉంటే మాత్రం నష్టమేమిటని మీరు అడగవచ్చు. లిఫ్టులు లేని కొండ మీద ఒకే దిగుడులో నాలుగు రకాల మంచు ఎదురవుతుంది. పైన గాలి కొట్టి బిగిసిన పలక, మధ్యలో నీడలో దాగిన పౌడర్, ఎండ తగిలిన వైపు అప్పడంలా విరిగే పెచ్చు, కింద వాన పడి మళ్లీ గడ్డకట్టిన అడవి దారి. కాస్కేడ్స్‌లో సముద్రపు తేమ వల్ల మంచు బరువుగా ఉంటుంది, శీతాకాలం మధ్యలో కూడా వాన పడుతుంది. కనుక ఆ పెచ్చు అక్కడ తరచుగా తటస్థపడుతుంది. లోతైన సైడ్‌కట్ ఉన్న బోర్డులో రెండు చివర్లు నడుము కన్నా బాగా వెడల్పుగా ఉంటాయి కాబట్టి, పెచ్చులో ఆ చివర్లే ముందుగా దిగబడి ఇరుక్కుంటాయి. మీరు మలుపు మొదలుపెట్టకముందే బోర్డు మొదలుపెడుతుంది. మీరు ముగించాలనుకున్న చోట అది ముగించదు.

నా మొదటి స్ప్లిట్‌బోర్డ్‌ను నేను గ్రూమర్ల అలవాటుతోనే ఎంచుకున్నాను, దాని వ్యాసార్ధం ఏడు మీటర్లకు కాస్త ఎక్కువ. మొదటి ఏడాది పౌడర్ రోజుల్లో ఏ ఇబ్బందీ కలగలేదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, ఎండ తగిలి మళ్లీ బిగుసుకున్న వాలు మీద కాలి వేళ్ల వైపు అంచు మీద మలుపు తీసుకోబోతే ముక్కు పెచ్చు కింద చిక్కుకుంది, నేను తలకిందులుగా పడ్డాను. దెబ్బ పెద్దగా తగలలేదు కానీ, కారు దగ్గరకు చేరడానికి ఇంకా రెండు గంటల దూరం ఉందన్న సంగతి ఆ క్షణంలో నన్ను చాలా భయపెట్టింది. ఆ తరువాత నా పద్ధతి మార్చుకున్నాను. లిఫ్టు దగ్గర వాడే బోర్డును ఆ రోజు దొరికే ఉత్తమమైన మంచు కోసం ఎంచుకోవచ్చు. ఇంటికి దూరంగా, సహాయానికి అందనంత లోపలికి తీసుకువెళ్లే బోర్డును మాత్రం ఆ రోజు ఎదురుకాగల అత్యంత చెడ్డ మంచును తలచుకొని ఎంచుకోవాలి. స్ప్లిట్‌బోర్డుకు సాధారణంగా మన లిఫ్టు బోర్డు కన్నా కొంచెం పెద్ద వ్యాసార్ధం ఉండాలని నేను చెప్పడానికి ఆధారం ఇదే.

మీ రెండో కోరిక, అంటే వసంతపు అగ్నిపర్వతాలు, ఈ వాదనకు ఇంకా బలం ఇస్తుంది. 2,549 మీటర్ల సెయింట్ హెలెన్స్‌కు శీతాకాలపు దారైన వర్మ్ ఫ్లోస్ మీదుగా సుమారు 1,700 మీటర్లు ఎక్కాలి. 3,743 మీటర్ల ఆడమ్స్ ఇంకా పెద్దది. ఆ రోజుల్లో మంచు రాత్రి రాయిలా గడ్డకట్టి, పొద్దెక్కిన కొద్దీ పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడుతుంది. ఆ మెత్తదనం వచ్చిన గంటో రెండు గంటలో దిగడమే అక్కడి ఆనందం. కానీ మబ్బు పట్టినా, గాలి ఆగకపోయినా అది మెత్తబడదు, మీరు ఇనుములాంటి వాలు మీద దిగవలసి వస్తుంది. నిటారైన గట్టి వాలు మీద ఎవరూ అందమైన వంపులు గీయరు. బోర్డును అడ్డంగా నిలిపి పక్కకు జారుతూ, చోటు చూసుకొని ఎగిరి తిప్పుతూ దిగుతారు. అలా అడ్డంగా నిలిచినప్పుడు లోతైన సైడ్‌కట్ ఉన్న బోర్డు రెండు చివర్ల మీద ఎక్కువ భారం మోపుతుంది. నడుము భాగం మంచుకు ఆనాలంటే మీరు బోర్డును అంత ఎక్కువగా వంచాలి. అంచు తిన్నదనానికి దగ్గరైన కొద్దీ మీ పాదాల కింద, అంటే మీకు పట్టు నిజంగా కావలసిన చోట, పట్టు పెరుగుతుంది.

ఎక్కేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. బోర్డును రెండుగా విడదీసినప్పుడు ఒక్కో సగానికి ఒక అంచు తిన్నగా, మరో అంచు సైడ్‌కట్‌తో వంపుగా ఉంటుంది. గట్టి వాలును అడ్డంగా దాటుతున్నప్పుడు వంపు అంచు వంతు వచ్చిన కాలు జారడం స్ప్లిట్‌బోర్డ్ వాడే ప్రతివారికీ తెలిసిన బాధే. లోతు తక్కువైతే ఆ బాధ కొంత తగ్గుతుంది. పూర్తిగా మాత్రం పోదు. కనుక మీ బైండింగులకు సరిపోయే క్రాంపన్లను, అంటే గట్టి మంచులో దిగే ఇనుప పళ్ల పట్టీలను, మొదటి రోజు నుంచీ సంచిలో ఉంచుకోండి. అగ్నిపర్వతాల మీద నాలుగు మిల్లీమీటర్ల సైడ్‌కట్ తేడా కన్నా అవే ఎక్కువ ఆదుకుంటాయి.

ఇప్పుడు అంకెను ఎంతవరకు నమ్మాలన్న విషయం. తయారీదారులందరూ ఒకే పద్ధతిలో వ్యాసార్ధాన్ని ప్రకటించరు. చాలా బోర్డుల అంచు ఒకే వృత్తపు చాపం కాదు. నడుము దగ్గర ఒక వ్యాసార్ధం, చివర్ల దగ్గర మరొకటి ఉంటాయి. కొందరు వాటన్నిటినీ విడివిడిగా ఇస్తారు, కొందరు సగటును ఒక్క అంకెగా ఇస్తారు. అందుకని మీరే సరిచూసుకోండి. ముక్కు వెడల్పు, తోక వెడల్పు కలిపి సగం చేయండి, అందులోంచి నడుము వెడల్పు తీసేయండి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేస్తే సైడ్‌కట్ లోతు వస్తుంది. ఉదాహరణకు ముక్కు 29.8, తోక 29.0, నడుము 25.4 సెంటీమీటర్లు అయితే లోతు సరిగ్గా 2 సెంటీమీటర్లు. అంచు 119 అయితే వ్యాసార్ధం సుమారు 8.85 మీటర్లు. వెడల్పైన బిందువులు కోసే అంచు చివర్లకు కాస్త అవతల ఉండవచ్చు కాబట్టి స్వల్పమైన తేడాను పట్టించుకోకండి. కానీ ప్రకటించిన అంకెకూ మీ లెక్కకూ మధ్య ఒక మీటరు తేడా వస్తే, అంచులో ఒకటికి మించిన వ్యాసార్ధాలు ఉన్నాయని గ్రహించి, దుకాణంవారిని అడగండి. నా వరకు నేను లోతునే ఎక్కువ నమ్ముతాను.

మొదట పెట్టిన షరతుకు తిరిగి వస్తాను. పెద్ద వ్యాసార్ధం ఉన్న బోర్డులు చాలావరకు బిగువుగా కూడా ఉంటాయి, ఎందుకంటే వాటిని బరువైన, వేగంగా దిగే మనుషులను దృష్టిలో పెట్టుకొని చేస్తారు. 68 కిలోల మనిషి, వీపున సంచితో కలిపి 77 కిలోలనుకుందాం, ఆ బోర్డును వంచలేకపోతే అది గీయగల వంపు ఏదీ ఆయనకు దక్కదు. ఆ అలసట సాయంత్రానికి తొడల్లో తెలుస్తుంది. తయారీదారు ఇచ్చే బరువు పట్టికలో మీ బరువు కనిష్ఠ హద్దు దగ్గర కాక మధ్యలో పడాలి. అలా పడకపోతే అదే రకంలో ఒక సైజు చిన్నది చూడండి. అంచు పొట్టిదవుతుంది, వ్యాసార్ధం కూడా కొద్దిగా తగ్గుతుంది, మీకది మేలే. మీ కాళ్లు ఐదేళ్లుగా 7.6కు అలవాటు పడి ఉన్నాయి కనుక, 8 నుంచి 8.4 మీటర్ల మధ్య ఉన్న మూడో బోర్డు ఏదైనా దొరికితే దాన్ని మీరు చూసిన రెండింటికన్నా ముందు పరిశీలించమంటాను. స్ప్లిట్‌బోర్డ్ మధ్యలో చీలి ఉండటం వల్ల సాధారణంగా ఒకే పలకతో చేసిన బోర్డు అంత వెంటనే మెలితిరిగి స్పందించదన్నది కూడా గుర్తుంచుకోండి. రెండు సగాలను కలిపే కొక్కేలు, క్లిప్పులు వదులుగా ఉంటే ఏ వ్యాసార్ధమైనా మొద్దుగానే అనిపిస్తుంది. బోర్డు మీద అసంతృప్తి పడే ముందు వాటిని బిగించి చూడండి.

అద్దెకు తీసుకొని చూసే అవకాశం ఉంటే వదులుకోకండి. స్ప్లిట్‌బోర్డును లిఫ్టు ఉన్న చోటికే తీసుకువెళ్లి, ఉదయం వాలు ఇంకా గట్టిగా ఉన్నప్పుడు అడ్డంగా జారి చూడండి, మధ్యాహ్నం గడ్డలు కట్టిన మంచులో చిన్న మలుపులు తీసుకొని చూడండి. మలుపు ముగించేటప్పుడు తోక వదలకుండా పట్టుకుంటుంటే, అంచు మంచును తాకే నాలుగు చివరి బిందువుల దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల మేర పదును కొద్దిగా తగ్గించి మళ్లీ చూడండి. ఆ చిన్న మార్పుతో చిన్న వ్యాసార్ధపు బోర్డు కూడా పెచ్చులో చాలావరకు శాంతిస్తుంది. ఒకవేళ డబ్బు కారణంగా 7.2 మీటర్లదే కొనవలసి వస్తే ఇది తప్పనిసరిగా చేయించండి.

డబ్బు మాట వచ్చింది కనుక, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. బీకన్ (మంచు కింద పూడినవారిని వెతికే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), వీటిని వాడటం నేర్పే మొదటి స్థాయి హిమపాత (అవలాంచ్, అంటే కొండ మీది మంచు తెగి జారడం) శిక్షణ, ఇవి బోర్డు కన్నా ముందు మీ జాబితాలో ఉండాలి. మీరు ఇష్టపడి దిగబోయే 30 నుంచి 45 డిగ్రీల వాలులే మంచు పలకలు తెగి జారే వాలులు కూడా. శిక్షణకూ ఖరీదైన బోర్డుకూ కలిపి ఈ ఏడాది డబ్బు సరిపోకపోతే, శిక్షణ తీసుకొని, వాడిన స్ప్లిట్‌బోర్డ్ కొనండి. మీ ప్రాంతానికి మంచు జారే ప్రమాదాన్ని అంచనా వేసే వాయువ్య హిమపాత కేంద్రం (నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్) శీతాకాలంలో రోజూ ఇచ్చే సూచనను బయలుదేరే ఉదయం చదవడం అలవాటు చేసుకోండి.

ఇక పాత బోర్డు. దాన్ని అమ్మకండి. 7.6 మీటర్ల సైడ్‌కట్ స్టీవెన్స్ పాస్ గ్రూమర్లకు చక్కగా సరిపోతుంది, స్ప్లిట్‌బోర్డును లిఫ్టుల కింద రోజూ అరగదీస్తే దాని కొక్కేలూ అంచులూ తొందరగా పాడవుతాయి. రెండింటినీ మార్చి మార్చి వాడుతున్నప్పుడు మొదటి రెండు మూడు మలుపులు కాళ్లకు కొత్తగా ఉంటాయి; స్ప్లిట్‌బోర్డ్ మీద వాటిని కొండపైన కాస్త విశాలమైన చోట తీసుకొని, ఆ తరువాతే చెట్లలోకి దిగండి.